యువ ఐస్ హాకీ ఫార్వర్డ్‌ను డ్రాఫ్ట్‌కు ముందు అంచనా వేయడం ఎలా

పదిహేడేళ్ల ఐస్ హాకీ ఫార్వర్డ్ ఆట చూడటానికి కూర్చున్నప్పుడు మొదట వేసుకోవలసిన ప్రశ్న ఒకటుంది: ఈ కుర్రాడు ఇప్పుడు చేస్తున్న పనుల్లో ఏవి నాలుగైదేళ్ల తరవాత ఉత్తర అమెరికా అగ్రశ్రేణి లీగ్ ఎన్‌హెచ్‌ఎల్‌లో కూడా చెల్లుతాయి? జూనియర్ లీగ్‌లో పక్ (ఆటలో కొట్టే రబ్బరు బిళ్ల) అందుకున్న ఆటగాడికి తల ఎత్తి, చుట్టూ చూసి, ఏం చేయాలో నిర్ణయించుకునే వ్యవధి తరచుగా దొరుకుతుంది. పై స్థాయిలో ఆలోపే ప్రత్యర్థి డిఫెన్స్‌మన్ మీదికి వచ్చేస్తాడు, పాస్ వెళ్లవలసిన దారిలో ఇంకొకరి స్టిక్ అడ్డుపడుతుంది, గోలీ (గోల్ కీపర్) షాట్ వచ్చే కోణాన్ని ముందే మూసేస్తాడు. వ్యవధి, జాగా రెండూ తగ్గినా నిలిచే నైపుణ్యం ఏది, అవి దండిగా ఉన్నంతకాలమే మెరిసే నైపుణ్యం ఏది అని విడదీయగలిగినవారే మంచి స్కౌట్లు, అంటే జట్ల కోసం కొత్త ఆటగాళ్లను చూసి అంచనా వేసేవారు. కింద చెప్పే పద్ధతి అంతా ఆ విడదీయడం కోసమే.

ఐపీఎల్ వేలానికి అలవాటుపడిన మనకు డ్రాఫ్ట్ కొంచెం వేరుగా కనిపిస్తుంది. ఇక్కడ డబ్బు పాట ఉండదు. 32 జట్లు ఏడు రౌండ్లలో వంతులవారీగా కుర్రాళ్లను ఎంచుకుంటాయి. కిందటి సీజన్‌లో వెనకబడిన జట్లకు ముందు వంతు వస్తుంది, మొట్టమొదటి స్థానాలను మాత్రం లాటరీ తేలుస్తుంది. ఆ ఏడాది సెప్టెంబర్ 15 నాటికి 18 ఏళ్లు నిండేవారు మొదటిసారి అర్హులవుతారు. ఎంపికైనవారిలో బహుకొద్దిమంది మాత్రమే వెంటనే ఎన్‌హెచ్‌ఎల్‌లో ఆడతారు. మిగిలినవారు తమ జూనియర్ జట్టులోనో, అమెరికా విశ్వవిద్యాలయంలోనో, ఐరోపా క్లబ్బులోనో మరికొన్నేళ్లు ఎదుగుతారు. అందుచేత అంచనా వేసేవారు చూడవలసింది ఇప్పటి ఆటను కాబట్టి, రాయవలసింది రాబోయే ఆటను కాబట్టి, ఈ రెంటినీ కాగితం మీద ఎప్పుడూ వేరువేరుగా ఉంచుకోవాలి.

పుట్టిన తేదీ నుంచి మొదలుపెట్టండి

పేరు కింద మొదటి గీతలోనే పుట్టిన తేదీ రాసుకోవాలి. అర్హత తేదీ సెప్టెంబర్ 15 కావడం వల్ల ఒకే డ్రాఫ్ట్‌లో నిలబడిన ఇద్దరి మధ్య దాదాపు ఏడాది తేడా ఉండవచ్చు. ఆస్టన్ మాథ్యూస్ 1997 సెప్టెంబర్ 17న పుట్టాడు. ఆ రెండు రోజుల తేడాతో 2015 డ్రాఫ్ట్‌కు దూరమై, తరవాతి సీజన్‌ను స్విట్జర్లాండ్‌లో జ్యూరిక్ జట్టు తరఫున పెద్దవాళ్ల మధ్య ఆడి, 36 ఆటల్లో 46 పాయింట్లు సాధించి, 2016లో మొదటి స్థానంలో ఎంపికయ్యాడు. అలెక్స్ ఒవెచ్కిన్ కూడా సెప్టెంబర్ 17నే పుట్టాడు, 1985లో. అతను 2003కు బదులు 2004 డ్రాఫ్ట్‌కు వచ్చాడు. అదే సెప్టెంబర్‌లో పది రోజుల ముందు పుట్టిన కుర్రాడు తన డ్రాఫ్ట్‌లో అందరికంటే చిన్నవాళ్లలో ఒకడుగా ఉంటాడు. కాబట్టి అక్టోబర్‌లో పుట్టినవాడి ఈ ఏటి పాయింట్లను ఆగస్టులో పుట్టినవాడి ఈ ఏటి పాయింట్లతో నేరుగా పోల్చకూడదు. పెద్దవాడి కిందటి ఏటి ఆటను తీసి, చిన్నవాడి ఈ ఏటి ఆట పక్కన పెడితే అసలు పోలిక బయటపడుతుంది.

దీనికి ఇంకో మెలిక ఉంది. కెనడాలో పిల్లల హాకీ వయోవిభాగాలకు జనవరి 1 గీటు. జనవరి, ఫిబ్రవరి నెలల్లో పుట్టిన పిల్లలు తమ విభాగంలో పెద్దవాళ్లు కనుక చిన్నప్పటి నుంచీ మంచి జట్లలో చోటు, ఎక్కువ ఆట సమయం, మెరుగైన శిక్షణ అందుకుంటారు. ఏడాది చివర పుట్టినవారు ఆ ప్రవాహానికి ఎదురీది పైకి వస్తారు. 2013లో వెలువడిన ఒక పరిశోధన, ఏడాది రెండో సగంలో పుట్టిన ఆటగాళ్లను జట్లు వాళ్ల అసలు సత్తాకంటే ఆలస్యంగా ఎంచుకుంటున్నాయని తేల్చింది. నా దృష్టిలో ఇది డ్రాఫ్ట్‌లో ఖర్చు లేకుండా దొరికే సమాచారం; అయినా రింకులో కూర్చున్నాక దీన్ని మరచిపోయేవాళ్లే ఎక్కువ.

పాయింట్లను విప్పి చూడండి

గోల్, అసిస్ట్ కలిపి పాయింట్లంటారు. ఆ మొత్తం అంకె తొలి వడపోతకు పనికొస్తుంది, అంతకుమించి కాదు. దాన్ని విప్పాలి. ఎన్ని పాయింట్లు ఇరువైపులా ఐదుగురేసి ఉన్నప్పుడు వచ్చాయి, ఎన్ని పవర్ ప్లేలో, అంటే ప్రత్యర్థి ఆటగాడు శిక్ష పడి బయట కూర్చున్నప్పుడు, వచ్చాయి? అసిస్టుల్లో ఎన్ని గోల్‌కు ముందరి చివరి పాస్, ఎన్ని దానికి ముందరి పాస్? ఖాళీ గోల్‌లోకి నెట్టినవి ఎన్ని? ఆటకు సగటున ఎన్ని షాట్లు కొడుతున్నాడు, ఆ షాట్లలో ఎన్ని గోల్ అవుతున్నాయి? తక్కువ షాట్లతో పెద్దసంఖ్యలో గోల్స్ వచ్చిన సీజన్ మళ్లీ అదే రీతిలో సాగడం అరుదు. ఎక్కువ షాట్లు కొట్టి తక్కువ గోల్స్ సాధించిన కుర్రాడి మీద ఓపిక పట్టవచ్చు.

ఎవరి పక్కన ఆడాడన్నది అన్నిటికంటే ముఖ్యమైన ప్రశ్న. అలెక్స్ డిబ్రింకాట్ సంగతి ఇందుకు మంచి ఉదాహరణ. అంటారియో లీగ్‌లో ఈరీ ఆటర్స్ తరఫున 2014-15లో అతను 51 గోల్స్ కొట్టినప్పుడు అదే జట్టులో కానర్ మెక్‌డేవిడ్ ఉన్నాడు; మెక్‌డేవిడ్ ఆ సీజన్‌లో 47 ఆటల్లోనే 120 పాయింట్లు సాధించాడు. అంతటివాడు పక్కనుంటే ఎవరైనా కొడతారన్న అనుమానం సహజమే. మెక్‌డేవిడ్ ఎన్‌హెచ్‌ఎల్‌కు వెళ్లిపోయిన మరుసటి సీజన్‌లో, తక్కువ ఆటల్లో, డిబ్రింకాట్ మళ్లీ 51 గోల్స్ కొట్టాడు. డిలన్ స్ట్రోమ్ వంటి మంచి సెంటర్ (ముగ్గురు ఫార్వర్డ్‌లలో మధ్యవాడు) అప్పటికీ జట్టులో ఉన్నాడు కనుక పరీక్ష సంపూర్ణం కాదు గానీ, పెద్ద అనుమానం తీరిపోవలసింది. అయినా అయిదడుగుల ఏడంగుళాల పొడవు చూసి జట్లు వెనకాడాయి. 2016లో చికాగో అతన్ని 39వ స్థానంలో తీసుకుంది. తరవాత అతను ఎన్‌హెచ్‌ఎల్‌లో రెండు సీజన్లలో 41 గోల్స్ చొప్పున కొట్టాడు.

ఏ లీగ్‌లో ఆడాడన్నది కూడా లెక్కలోకి రావాలి. కెనడాలోని మూడు పెద్ద జూనియర్ లీగ్‌లు, అమెరికా జూనియర్ లీగ్, స్వీడన్, ఫిన్లాండ్ కుర్రాళ్ల లీగ్‌లు ఒకదానితో ఒకటి సమానం కావు. స్వీడన్ పురుషుల లీగ్‌లో నాలుగో లైన్‌లో (వంతులవారీగా కలిసి దిగే ముగ్గురు ఫార్వర్డ్‌ల బృందాల్లో ఆఖరిదానిలో) ఆటకు కొద్ది నిమిషాలే దొరికే పదిహేడేళ్ల కుర్రాడికి పాయింట్లు ఉండవు. అలాగని అతను వెనకబడ్డాడని చెప్పలేం. అతని వయసుకు అక్కడ చోటు దొరకడమే ఒక సాక్ష్యం. అలాంటివాడిని తన వయసువాళ్ల జాతీయ జట్టులో, ముఖ్యంగా వసంతకాలంలో జరిగే 18 ఏళ్లలోపు ప్రపంచ పోటీల్లో చూస్తే పక్ చేతిలో ఉన్నప్పుడు ఏం చేయగలడో తెలుస్తుంది. ఐరోపాలో చాలా రింకులు ఎన్‌హెచ్‌ఎల్ రింకుకంటే వెడల్పు. ఎన్‌హెచ్‌ఎల్ వెడల్పు 85 అడుగులు, సంప్రదాయ అంతర్జాతీయ రింకుది దాదాపు వంద. ఆ అదనపు జాగా మీద ఆధారపడి బయటి అంచు వెంట తిరిగే ఆట ఇరుకు రింకులో ఇమడదు.

పెద్ద వయసులో, అంటే జూనియర్ లీగ్ ఆఖరి ఏళ్లలో, వచ్చిన పాయింట్లను తగ్గించి చూడాలి, కొట్టిపారేయకూడదు. బ్రిటిష్ కొలంబియాలోని సర్రేలో పంజాబీ కుటుంబంలో పుట్టిన అర్ష్‌దీప్ బైన్స్‌ను ఏ డ్రాఫ్ట్‌లోనూ ఎవరూ ఎంచుకోలేదు. 2021-22లో రెడ్ డీర్ తరఫున 112 పాయింట్లతో పశ్చిమ కెనడా లీగ్‌లో అగ్రస్థానంలో నిలిచాక వాంకూవర్ అతనితో ఒప్పందం చేసుకుంది, అక్కడి నుంచి ఎన్‌హెచ్‌ఎల్ దాకా వెళ్లాడు.

రింకులో ఏం చూడాలి

పైవరుసలో, వీలైతే ఒక మూలకు దగ్గరగా కూర్చోవాలి. అక్కడి నుంచి ఆట ఆకారం కనిపిస్తుంది. వార్మప్‌కు ముందే చేరుకోవాలి. ఆట మొదలయ్యాక పక్‌ను వదిలేసి ఆ ఒక్క కుర్రాడినే చూడాలి. ఒక షిఫ్ట్, అంటే మంచు మీదికి దిగి మళ్లీ బల్ల మీదికి వచ్చే వరకు ఆడే వంతు, సుమారు ముప్పావు నిమిషం; అందులో పక్ అతని దగ్గర ఉండేది కొన్ని క్షణాలే. మిగిలిన సమయమంతా అతను తన ఆలోచనను స్కేట్లతో చూపిస్తూనే ఉంటాడు. పక్ వెంట కళ్లు పరిగెత్తించేవారికి ఆ భాగం అసలు కనబడదు.

ఎక్కడ చూడాలో చెప్పడానికి ఒక్క ఘట్టాన్ని దగ్గరగా తీసుకుంటాను. కుర్రాడు వింగర్, అంటే పక్క వైపు ఆడే ఫార్వర్డ్. తన జట్టు డిఫెన్స్‌మన్ గోల్ వెనక నుంచి పక్‌ను బోర్డుల వెంట అతనికి పంపాడు. అది చెక్కను ఒరుసుకుంటూ, చిన్నగా ఎగురుతూ వస్తోంది. అదే సమయంలో ప్రత్యర్థి డిఫెన్స్‌మన్ జోన్ హద్దు గీత అయిన బ్లూలైన్ విడిచి బోర్డుల వెంటే అతని మీదికి వస్తున్నాడు. సాధారణ కుర్రాడు రింకుకు పూర్తిగా వీపు పెట్టి, కళ్లు పక్ మీదే నిలిపి, అది అందాక తల తిప్పుతాడు. ఆసరికి అవతలివాడి భుజం తగులుతుంది, లేదా భయపడి చూడకుండా కొట్టిన పక్ బ్లూలైన్ దగ్గర వాళ్ల చేతికే చిక్కుతుంది. మంచి కుర్రాడు పక్ ఇంకా గోల్ వెనక ఉండగానే భుజం మీదుగా ఒకసారి చూస్తాడు, అది సగం దూరం వచ్చాక మళ్లీ చూస్తాడు. నడుమును పక్కకు తిప్పి, వీపు పూర్తిగా చూపకుండా నిలబడి, ఎగిరే పక్‌ను స్కేట్‌తో ఆపి, మధ్యలో కిందుగా వస్తున్న సెంటర్‌కు చిన్న పాస్ ఇచ్చేస్తాడు. దెబ్బ ఆ తరవాత తగులుతుంది. తగులుతుందని అతనికి తెలుసు. ఇదంతా ఒకటి రెండు క్షణాల్లో ముగిసిపోతుంది, ఏ అంకెల పట్టికలోనూ కనిపించదు. అయితే ఎన్‌హెచ్‌ఎల్ కోచ్ ఒక యువ వింగర్‌ను ఆఖరి ఐదు నిమిషాల్లో బల్ల మీద కూర్చోబెట్టాలా, మంచు మీదికి పంపాలా అని నిర్ణయించేది సరిగ్గా ఈ ఘట్టంతోనే.

పక్ రాకముందు తల ఎన్నిసార్లు తిప్పాడన్నది లెక్కపెట్టగలిగిన విషయం కనుక లెక్కపెట్టాలి. హాకీ తెలివి అని అందరూ మాటవరసకు అనేదాన్ని చేతికి చిక్కేలా చేసే కొలతల్లో ఇది మొదటిది. రెండోది, ప్రత్యర్థి జోన్‌లోకి పక్ తీసుకువెళ్లాక ఏం చేస్తున్నాడన్నది. డిఫెన్స్‌మన్‌ను బయటి నుంచి దాటి మూలకు వెళ్లిపోతే చూడటానికి అందంగా ఉంటుంది, ప్రమాదం మాత్రం ఉండదు. అక్కడి నుంచి లోపలికి, గోల్ ముందరి స్లాట్ వైపు మలిచే ప్రయత్నం చేస్తున్నాడా, కనీసం తాను ఆగి వెనక వచ్చేవాడికి ఆ జాగా తెరుస్తున్నాడా? మూడోది, పక్ పోగొట్టుకున్న తరవాత తొలి మూడడుగులు. అవి వెంటనే, గట్టిగా పడితే అతనికి ఆట ఆగలేదని అర్థం. చేతులు దించి, పైకి చూసి, తరవాత కదిలితే కారణం అడగాలి. అలసటా, అలవాటా?

అందుకే ఒక్క ఆట చాలదు. సొంత రింకులో చూడాలి, బయట చూడాలి. మూడు రోజుల్లో మూడో ఆట ఆడుతున్నప్పుడు, కాళ్లు బరువెక్కినప్పుడు చూడాలి. లీగ్‌లోని గట్టి డిఫెన్స్ జోడీ తన మీదికి వచ్చినప్పుడు చూడాలి. అతను బాగా ఆడని రోజును కావాలని వెతికి చూడమంటాను. చేతులు పనిచేయని రోజున కాళ్లతో, బుర్రతో జట్టుకు ఏం ఇచ్చాడో ఆ రోజే తెలుస్తుంది. వీడియో ఎంతో ఉపయోగమే, ఒకే షిఫ్ట్‌ను పదిసార్లు తిప్పి చూడవచ్చు. అయితే ప్రసార కెమెరా పక్ వెంట వెళుతుంది కాబట్టి, పక్‌కు దూరంగా ఉన్నప్పటి ఆటకు రింకులో కూర్చోవడానికి ప్రత్యామ్నాయం లేదు.

స్కేటింగ్: వేగం ఒక్కటే కాదు

స్కేటింగ్ గురించి రాసేటప్పుడు వేగంగా ఉన్నాడు, నెమ్మదిగా ఉన్నాడు అని ఊరుకుంటే ఎవరికీ ఉపయోగపడదు. లోపం ఎక్కడుందో రాయాలి. మోకాలు, చీలమండ తగినంత వంగడం లేదా? ప్రతి తోపు తరవాత కాలు శరీరం కిందికి పూర్తిగా తిరిగి రావడం లేదా? నిలబడ్డ చోటు నుంచి తొలి మూడడుగులు బలహీనమా, లేక అవి బాగుండి దూరం పెరిగేకొద్దీ వెనకబడుతున్నాడా? వంపుల్లో క్రాసోవర్లతో (ఒక కాలి మీదుగా ఇంకో కాలు వేసే అడుగులతో) వేగం పుంజుకుంటున్నాడా, పక్ అందగానే పాదాలు ఆపేస్తున్నాడా? కాళ్లలో బలం రానందువల్ల వచ్చిన లోపం, పద్ధతి తప్పినందువల్ల వచ్చిన లోపం వ్యాయామంతో, శిక్షణతో సరిదిద్దుకోదగినవి. బ్రేడెన్ పాయింట్‌ను 2014లో టాంపా బే 79వ స్థానంలో తీసుకుంది. పొడవుతోపాటు స్కేటింగ్ మీదా సందేహాలుండేవి. 1984లో జంట ఫిగర్ స్కేటింగ్‌లో ప్రపంచ విజేత అయిన బార్బరా అండర్‌హిల్ వద్ద అతను తన స్కేటింగ్‌ను దిద్దుకున్నాడు. తరవాత 2020, 2021ల్లో ఎన్‌హెచ్‌ఎల్ విజేతకు దక్కే స్టాన్లీ కప్ నెగ్గిన జట్టులో ముఖ్యుడయ్యాడు.

కొందరిలో స్కేటింగ్ గొప్పగా మారదు. అయినా మిగిలినవి దాన్ని మోస్తాయి. డాలస్ స్టార్స్ 2017లో 39వ స్థానంలో ఎంచుకున్న జేసన్ రాబర్ట్‌సన్ అలాంటివాడు. అతని కాళ్ల మీద అందరూ అనుమానపడ్డారు, అతను 2022-23లో 109 పాయింట్లు సాధించాడు. తెలుగువాళ్లు పెద్దసంఖ్యలో స్థిరపడిన ఫ్రిస్కోలోనే ఆ జట్టు ప్రధాన కేంద్రం, సాధన రింకు ఉన్నాయి. అక్కడివారు అతని ఆటను దగ్గరగా చూసే ఉంటారు. పక్ ఎక్కడికి రాబోతోందో ముందే ఊహించి ఒకడుగు ముందు బయల్దేరేవాడికి కాళ్ల వేగం కొంత తక్కువైనా సరిపోతుందని అతని ఆట చెబుతుంది. దీన్ని తిరగేసి చూస్తే నెయిల్ యాకుపోవ్ కనిపిస్తాడు. 2012లో మొదటి ఎంపిక. చురుకైన కాళ్లు, పదునైన షాట్, జూనియర్‌లో గోల్స్ వర్షం. ఎన్‌హెచ్‌ఎల్‌లో 350 ఆటల్లో 62 గోల్స్‌తో ఆగిపోయాడు. సహచరులు ఎక్కడ ఉంటారు, తాను ఎక్కడ ఉండాలి అన్నది అతని ఆటలో కుదురుకోలేదని నా అభిప్రాయం. అందుకే కాళ్లకూ బుర్రకూ మధ్య ఎంచుకోవలసి వస్తే నేను బుర్ర వైపే ఉంటాను.

షాట్ గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. బలంకంటే, పక్ అందిన క్షణం నుంచి వదిలే క్షణం వరకు పట్టే వ్యవధిని చూడండి. కదులుతూ, సరిగా రాని పాస్‌ను దిద్దుకుని కొట్టగలడా చూడండి. సెంటర్ అయితే అదనంగా ఫేస్‌ఆఫ్‌లు (ఆట మొదలయ్యేటప్పుడు ఇద్దరు పక్ కోసం తలపడటం), తమ గోల్ ముందు కాపలా. సెంటర్‌గా ఎంపికై పై స్థాయిలో వింగర్‌గా మారేవారు చాలామంది కనుక, రెండు చోట్లా అతన్ని ఊహించి చూడాలి.

శరీరం, పరీక్షలు, మాటలు

పొడవును కొలవడం తేలిక కాబట్టి దానికి అర్హతకు మించిన విలువ ఇస్తాం. ఇంకా ఎంత ఎదగగలడన్నది ఎక్కువ అవసరం. సన్నగా, పొడవుగా, బోర్డుల దగ్గర ఇప్పుడు పడిపోతున్న కుర్రాడు రెండేళ్లలో నిలబడవచ్చు. పదిహేడేళ్లకే నిండు మగవాడి శరీరంతో తోసుకుపోతున్నవాడు, తోటివాళ్లు ఎదిగాక ఆ ఆధిక్యాన్ని కోల్పోవచ్చు. డ్రాఫ్ట్‌కు ముందు బఫెలోలో జరిగే కంబైన్‌లో సైకిల్ పరీక్షలు, ఎగురుడు, పుల్‌అప్‌లు ఉంటాయి. 2014 కంబైన్‌లో శామ్ బెనెట్ ఒక్క పుల్‌అప్ కూడా తీయలేకపోయాడు. అయినా కాల్గరీ అతన్ని నాలుగో స్థానంలో తీసుకుంది. 2025లో ఫ్లోరిడా తరఫున అతను ప్లేఆఫ్స్‌లో అత్యుత్తమ ఆటగాడిగా కాన్ స్మైత్ ట్రోఫీ అందుకున్నాడు. అంచేత ఆ పరీక్షల ఫలితాన్ని ఆట చూసి రాసుకున్నదాని పక్కన పెట్టి చూడాలి గానీ దాని పైన కాదు. కుర్రాడితో మాట్లాడే అవకాశం వస్తే గొప్ప ప్రశ్నలు అవసరం లేదు. కిందటి ఆటలోని ఒక ఘట్టాన్ని చెప్పి, అక్కడ ఏం చూశావు, ఎందుకు అలా చేశావు అని అడగండి. చాలామంది తమ ఆటను మరుసటి రోజుకే మరచిపోతారు; కొందరు ఎవరెవరు ఎక్కడున్నారో గీసి చూపిస్తారు.

నివేదిక రాయడం

ఇతరుల జాబితాలు చూడకముందే, ఆట చూసిన రాత్రే రాసెయ్యాలి. ముందు చూసినది రాయాలి, ఆ తరవాతే దాని అర్థం. "పోటీతత్వం ఉంది" అన్న మాట కంటే "మూడో పీరియడ్‌లో పక్ పోగొట్టుకుని, రింకు పొడవునా వెనక్కి వచ్చి, స్టిక్ ఎత్తి తిరిగి లాక్కున్నాడు" అన్నది తరవాత చదివేవాడికి ఉపయోగం. చివర మూడు విషయాలు ఉండాలి: అన్నీ కలిసొస్తే ఏ స్థాయి ఆటగాడు, ఎక్కువ అవకాశం ఉన్న స్థాయి ఏది, ఆ అంచనా మీద మీకు ఎంత గట్టి నమ్మకం. రెండుసార్లే చూసిన కుర్రాడి మీద పదిసార్లు చూసినవాడి మీద ఉన్నంత ధీమాతో రాయకూడదు. అతన్ని ఎన్‌హెచ్‌ఎల్‌కు మోసుకుపోయే నైపుణ్యం ఏదో ఒకే వాక్యంలో రాయండి. ఆ వాక్యం రాయలేకపోతే ఇంకోసారి చూడవలసి ఉందన్నమాట.

ఇద్దరు సమానంగా కనిపించినప్పుడు, ముఖ్యంగా మూడో రౌండ్ దాటాక, అన్నిట్లోనూ ఫరవాలేదనిపించేవాడికంటే ఒక్కదానిలో అసాధారణంగా ఉన్నవాడిని నేను పైన పెడతాను. నాలుగో లైన్‌లో నమ్మకంగా ఆడే అనుభవజ్ఞులు ప్రతి వేసవిలోనూ తక్కువ జీతానికి దొరుకుతారు, వాళ్ల కోసం ఒక ఎంపికను ఖర్చు చేయనక్కరలేదు. మొదటి రెండు లైన్లలో గోల్స్ సృష్టించగలవాడు మార్కెట్‌లో దొరకడం అరుదు, దొరికినా ఖరీదు భరించలేం. 2010లో ఒటావా ఆరో రౌండ్‌లో, 178వ స్థానంలో మార్క్ స్టోన్‌ను తీసుకుంది. అతని స్కేటింగ్ మీద అందరికీ అభ్యంతరాలున్నాయి. అవతలివాడి పాస్‌ను ముందే చదివి స్టిక్‌తో దొంగిలించడంలో అతనికి సాటి వచ్చేవారు మాత్రం ఇప్పటికీ కొద్దిమందే.